బయోస్ఫియర్ 2, ఒరాకిల్, అరిజోనా: మార్స్ మీద కాపురం గురించి మాట్లాడేముందు ఒకసారి చూసి రండి

రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి ఐదు. ఫీనిక్స్, టూసాన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే గ్రాండ్ కాన్యన్, సెడోనా, కుదిరితే వేగాస్, ఇంతే తిప్పుతారు, మేమూ రెండేళ్ళ క్రితం అత్తయ్యగారు వాళ్ళొచ్చినప్పుడు అదే చేశాం. ఈసారి నాన్న ఒక్కరే వచ్చారు. ఆయనకి కొండలూ లోయలూ చూడ్డం మీద పెద్ద ఆసక్తి లేదు, తెనాలి దగ్గర నలభై ఏళ్ళు మాగాణి చేసిన మనిషి, ఎక్కడికెళ్ళినా ముందు నేల చూస్తారు, నీళ్ళెక్కణ్ణుంచి వస్తున్నాయమ్మా అని అడుగుతారు. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు, వాడికి పొద్దున లేస్తే మార్స్, రాత్రి పడుకుంటే మార్స్. ఈ ఇద్దరికీ నచ్చే చోటు ఏదైనా ఉందా అని వెతుకుతుంటే దొరికింది ఇది.

అసలిదేంటో తెలీనివాళ్ళ కోసం. 1987లో మొదలుపెట్టి 1991కి కట్టారు, శాంటా కాటలినా కొండల పక్కన ఎడారిలో మూడెకరాల పైచిలుకు స్థలాన్ని ఉక్కు ఫ్రేములతో అద్దాలతో కప్పేసి, అడుగున స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు పరిచి, గాలి కూడా బయటికీ లోపలికీ పోకుండా సీల్ చేశారు. లోపల ఒక వానల అడవి, ఒక చిన్న సముద్రం, మడ చెట్లు, గడ్డి మైదానం, ఎడారి, ఒక పొలం, మనుషులుండే ఇల్లు. మన భూమి బయోస్ఫియర్ 1 అన్నమాట, అందుకని ఇది 2. డబ్బు పెట్టింది టెక్సస్ ఆయిల్ కుటుంబానికి చెందిన ఎడ్ బాస్, ఆలోచన జాన్ అలెన్‌ది, ఖర్చు 15 కోట్ల డాలర్లకి తక్కువ కాలేదు. రేపు చంద్రుడి మీదో మార్స్ మీదో ఊరు కడితే అక్కడివాళ్ళు కింద భూమి నుంచి ఏమీ రాకుండా ఏళ్ళ తరబడి బతకగలరా అన్నది ముందు ఇక్కడే తేల్చుకుందామని కట్టారు. 1991 సెప్టెంబర్ 26న నలుగురు ఆడవాళ్ళు నలుగురు మగవాళ్ళు లోపలికెళ్ళి తలుపేసుకున్నారు, రెండేళ్ళు గడిచాక 1993 సెప్టెంబర్ 26న బయటికొచ్చారు. ఇప్పుడు అరిజోనా యూనివర్సిటీ వాళ్ళది, 2007 నుంచి వాళ్ళే నడుపుతున్నారు, లోపల పరిశోధన జరుగుతూనే ఉంటుంది, మనం టికెట్ కొనుక్కుని మధ్యలో నుంచి నడిచి చూసి రావచ్చు.

మేం థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం వెళ్ళాం. చాండ్లర్ నుంచి ఫ్లోరెన్స్ మీదుగా 79 రోడ్డు పట్టుకుని ఒరాకిల్ జంక్షన్ దగ్గర 77 ఎక్కాలి, దారంతా సగువారో జెముడు చెట్లే, పొద్దున తొమ్మిదింటికి బయల్దేరితే పదిన్నర దాటేసరికి అక్కడున్నాం. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళాం. దూరం నుంచి చూస్తే తెల్లటి ఫ్రేముల అద్దాల మేడ ఎండకి మెరుస్తా కనిపిస్తుంది, మావాడు కార్లోనే "తాతయ్యా, మార్స్ ఊరు వచ్చేసింది" అని అరిచాడు.

మొదట మనుషులున్న ఇంటి భాగం చూపిస్తారు, వంటిల్లు, భోజనాల చోటు, పడగ్గది. వంటిల్లు మామూలు వంటిల్లే. ఈ ఎనిమిది మందీ వంతులేసుకుని వండుకునేవాళ్ళు. అక్కడ నిలబడ్డ వాలంటీర్ పెద్దాయన ఓపిగ్గా చెప్తున్నారు, నేను నాన్నకి తెలుగులో చెప్తున్నా. పొలం ఎంత అని అడగమన్నారు నాన్న. అర ఎకరం అన్నారాయన. "అర ఎకరమా, యాభై సెంట్లలో ఎనిమిది మందా, ఏడాది పొడుగునా?" అని నాన్న అక్కడే ఆగిపోయారు. మనిషికి ఆరు సెంట్లు. లెక్కేశారు, మా వైపు ఎకరానికి ముప్పై బస్తాలు పండిందనుకున్నా అర ఎకరానికి పదిహేను, రెండు పంటలేస్తే బియ్యానికి సరిపోవచ్చేమో గానీ, "మరి పప్పో, నూనో, కూరలో, పాలో? పశువుకి మేతెక్కడ?" అని. ఆ ప్రశ్నకి సమాధానమే ఆ రెండేళ్ళ కథ.

ఆకలితో ఉన్నారు, అది కథ. తిన్నదాంట్లో 80 శాతానికి పైగా లోపలే పండించుకున్నారు, అది చిన్న విషయం కాదు, కానీ మొదటి ఆరు నెలలు మనిషికి రోజుకి 1800 కేలరీల లోపే దొరికేది, అదీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పొలం పని చేస్తూ. సగటున ఒంటి బరువులో ఆరో వంతు దాకా తగ్గిపోయారు. వాళ్ళ డాక్టర్ రాయ్ వాల్‌ఫోర్డ్‌కి లోపలికి వెళ్ళేటప్పటికే 67 ఏళ్ళు, తక్కువ తింటే ఎక్కువకాలం బతుకుతారా అని పరిశోధన చేసే మనిషి, ఆయన వీళ్ళ రక్త పరీక్షలన్నీ చేసి కొలెస్ట్రాల్ తగ్గిందీ బీపీ తగ్గిందీ అని కాగితాల మీద పెట్టాడు, అవి నిజమే, కానీ ఆకలి ఆకలే కదా. చిలగడదుంపలు బాగా పండాయి కాబట్టి అవే ఎక్కువ తిన్నారు, ఎంత తిన్నారంటే చర్మం నారింజ రంగుకి తిరిగిందట. అరటి, బొప్పాయి, వేరుశనగ, గోధుమ, బీట్‌రూట్, వరి వేసుకున్నారు. ఇంకోటి వేశారు, చిక్కుడు. ల్యాబ్‌ల్యాబ్ అని రాసుంది, నేను ఫోన్‌లో బొమ్మ చూపిస్తే నాన్న మొహం వెలిగిపోయింది, "మన పెరటి చిక్కుడే కదమ్మా ఇది" అని. వరి మడిలో తిలాపియా చేపలు, నీళ్ళపైన తేలే అజొల్లా మొక్క, మేకలు, కోళ్ళు, మొదట్లో పందులు కూడా. అజొల్లా అనగానే నాన్న వాలంటీర్‌కి తెలుగులోనే చెప్పడం మొదలుపెట్టారు, మేమూ గేదెలకి వేస్తాం అని, ఆయన నవ్వుతూ తలూపుతూ విన్నారు.

జేన్ పాయింటర్ అని అందులో ఉన్న ఒకామె తర్వాత ఒక ఉపన్యాసంలో చెప్పారు, లోపల ఒక పిజ్జా చేసుకోవడానికి నాలుగు నెలలు పట్టిందని. గోధుమ చల్లాలి, పండాలి, కొయ్యాలి, నూర్చాలి, పిండాడాలి, మేక పాలియ్యాలి, ఆ పాలతో చీజ్ చెయ్యాలి. మావాడికి ఇది బాగా పట్టింది, ఇంటికొచ్చాక కూడా తినే ప్రతిదాన్నీ దీనికెన్ని నెలలు అని అడుగుతున్నాడు. ఆవిడదే ఇంకో సంగతి. లోపలికెళ్ళి రెండు వారాలు కాకముందే వడ్లు నూర్చే మిషన్‌లో వేలి కొస తెగింది. డాక్టర్ లోపలే కుట్టి చూశాడు, అతకలేదు, బయట ఆస్పత్రికి తీసుకెళ్ళి కొన్ని గంటల్లో మళ్ళీ లోపలికి పంపారు, వస్తూ ఒక సంచిలో ఏవో సామాన్లు కూడా తెచ్చిందని తెలిసి పేపర్లవాళ్ళు సీల్ పోయిందీ మోసం అని గోల చేశారు. నాన్న మాత్రం "మిషన్‌కి వేలిచ్చినవాళ్ళు మా ఊళ్ళో ముగ్గురున్నారు, రైతుకి అది మామూలే" అన్నారు. నాకు అక్కడ తట్టింది, ఇక్కడైతే తలుపు తీస్తే ఆస్పత్రి ఉంది. మార్స్ దగ్గర? వెళ్ళడానికే ఆర్నెల్ల పైన పడుతుంది, మళ్ళీ బయల్దేరడానికి అనువైన సమయం 26 నెలలకోసారి వస్తుంది. అంతదాకా ఆ వేలు ఏం కావాలి?

ఇక పొలం చూద్దామని నాన్న ఆత్రంగా వచ్చారు గానీ ఆ పొలం ఇప్పుడు లేదు, ముందే తెలుసుకుని వెళ్ళండి. ఆ స్థలంలో లియో అని మూడు పెద్ద వాలు మడులు కట్టారు, ఒక్కోటి 30 మీటర్ల పొడవు, 11 మీటర్ల వెడల్పు, స్టీల్ తొట్టెల్లో నల్లటి అగ్నిపర్వత రాయిని పొడి కొట్టి నింపారు. దానిమీద వాన కురిపించి నీళ్ళెలా ఇంకుతున్నాయి, రాయి మన్నుగా ఎలా మారుతోంది అని కొలుస్తున్నారు. పైకి చూడ్డానికి ఏమీ ఉండదు, బూడిద గుట్టలా ఉంటుంది. మా పక్కన నడుస్తున్న ఒక జంట రెండు నిమిషాల్లో దాటేశారు. మేం పావుగంట నిలబడ్డాం. ఎందుకంటే మార్స్ నేల కూడా ఇలాంటి బసాల్ట్ రాతి పొడే, అందులో వానపాము లేదు, కుళ్ళిన ఆకు లేదు, సూక్ష్మజీవి ఇప్పటిదాకా దొరకలేదు, పైగా పర్‌క్లోరేట్ అనే ఉప్పు ఉంది, ఆ సంగతి 2008లో ఫీనిక్స్ ల్యాండర్ పట్టుకుంది, ఆ మిషన్ నడిపింది కూడా ఇదే టూసాన్‌లోని ఇదే యూనివర్సిటీ. నాన్న రెయిలింగ్ మీద వంగి చాలాసేపు చూశారు. "ఇది మన్ను కాదమ్మా, పొడి. మన్నంటే బతికుండాలి" అన్నారు. అదే మాట సైన్సు పుస్తకంలో నాలుగు పేజీల్లో ఉంటుంది.

ఆ మన్ను బతికుండటమే లోపలివాళ్ళ ప్రాణం మీదికి తెచ్చింది, ఇది నన్ను అన్నింటికన్నా కదిలించిన భాగం. పంటలు బాగా పండాలని కంపోస్టు దండిగా కలిపిన మన్ను నింపారు. అందులో ఉన్న కోట్లాది సూక్ష్మజీవులు ఆ సారాన్ని తింటూ ఆక్సిజన్ పీల్చుకోవడం మొదలుపెట్టాయి, చెట్లు ఇంకా చిన్నవి, అవి ఇచ్చేదానికన్నా మన్ను తాగేది ఎక్కువ. దానికి తోడు ఆ చలికాలం ఎల్ నినో మబ్బులు, ఎండ తక్కువ. గాల్లో 20.9 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ రోజు రోజుకీ తగ్గుతూ పదహారు నెలలకి 14.5కి వచ్చేసింది. అంటే నాలుగు వేల మీటర్ల కొండ మీద కూర్చుని ఉన్నట్టు, అక్కడ కూర్చుని పార పట్టుకుని పొలం పని చేస్తున్నట్టు. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయేవాళ్ళు, మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాలి, రాత్రిళ్ళు ఊపిరాడక నిద్రలో లేచేవాళ్ళు. చివరికి 1993 జనవరిలో బయటి నుంచి ఆక్సిజన్ పంపించారు.

కానీ లెక్క తేలలేదు. సూక్ష్మజీవులు ఆక్సిజన్ తింటే అంత కార్బన్ డయాక్సైడ్ వదలాలి కదా, గాల్లో అంత లేదు. ఎక్కడికి పోయింది? కొలంబియా యూనివర్సిటీ నుంచి వాలెస్ బ్రోకర్, అప్పటికి విద్యార్థిగా ఉన్న జెఫ్ సెవెరింగ్‌హౌస్ కలిసి పట్టుకున్నారు. గోడలు తాగేశాయి. లోపలున్న కాంక్రీట్ అంతా కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని కాల్షియం కార్బొనేట్ అయిపోతోంది. మనలో తెలుగు మీడియం చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, సున్నపుతేటలోకి గొట్టంతో ఊదితే అది పాలలా తెల్లబడటం, సరిగ్గా అదే. ఇది చెప్పగానే నాన్నకి ఏ వివరణా అక్కర్లేకపోయింది, "సున్నం గోడ గాలి పీల్చే కదమ్మా రాయయ్యేది, కొత్త సిమెంటు కూడా సున్నమేగా" అన్నారు, దారి పక్కనున్న కాంక్రీట్ గోడ మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డారు. నాకు ఆ దృశ్యం మర్చిపోలేనిది. అంత పెద్ద పెద్ద ఇంజినీర్లు, అంత డబ్బు, ప్రతి అద్దం కీలు దగ్గర గాలి లీక్ అవుతుందేమోనని ఏడాదికి పది శాతం లోపు ఉండేలా సీల్ చేశారు, గోడే ఊపిరి తాగుతుందని ఎవరూ ఊహించలేదు. మార్స్ మీద కట్టబోయే ఇంట్లో అలా మనం ఊహించనిది ఏముంటుంది? అది ఏడాదిన్నర తర్వాత బయటపడితే ఆక్సిజన్ ట్యాంకర్ ఎవరు తెస్తారు?

అడవి భాగంలోకి వెళ్ళగానే కళ్ళద్దాలు మసకేస్తాయి, అంత చెమ్మ, కోనసీమలో వాన వెలిసిన మధ్యాహ్నంలా ఉంటుంది. వేసిన చెట్లు ఇప్పుడు పైకప్పు దాకా పెరిగాయి. లోపల గాలి వీచదు కాబట్టి కొన్ని చెట్లకి కాండం గట్టిపడలేదని, గాలికి ఊగితేనే చెట్టుకి బలం వస్తుందని చెప్పారు. సముద్రం దగ్గర అలల చప్పుడు వస్తుంది, అల పుట్టించే యంత్రం ఉంది, పగడాల మీద పరిశోధన చేస్తున్నారు, ఆ భాగం త్వరగానే అయిపోయింది. ఎడారి కూడా అంతే. మొదటి రెండేళ్ళలో లోపలికి వదిలిన వెన్నెముక ఉన్న జంతువుల్లో 25 జాతులకి 19 పోయాయి, పూలమీద వాలే పురుగులు పోయాయి, చీమలు మాత్రం ఒక జాతి విపరీతంగా పెరిగి అన్నిటినీ ఆక్రమించేసింది, బొద్దింకలు కూడా. అంటే మనం ఏవి కావాలనుకుంటామో అవి ఉండవు, ఏవి వద్దనుకుంటామో అవి సుఖంగా ఉంటాయి, ఏ ఇల్లాలినడిగినా చెప్తుంది ఈ మాట.

తర్వాత మెట్లు దిగి కిందకెళ్తే టెక్నోస్ఫియర్, అంటే పైన ఉన్న అడవికీ సముద్రానికీ కింద నడుస్తున్న పంపులు, పైపులు, ఫ్యాన్లు, ట్యాంకులు. పైన చెట్లు చూసి పొంగిపోయినవాళ్ళు కిందకొచ్చి ఇది చూడాలి. ఒక వానాకాలాన్ని, ఒక అలని, ఒక మబ్బుని మిషన్లతో నడపాలంటే ఇంత కావాలి, దీనికి కరెంటు బయట జనరేటర్ల నుంచి వచ్చేది, కరెంటు ఆగితే ఎండకి అద్దాల ఇల్లు పొయ్యి అయిపోతుంది. భూమ్మీద ఇవన్నీ ఎవరూ బిల్లు కట్టకుండా జరిగిపోతున్నాయి.

అక్కణ్ణుంచి పొడవాటి సొరంగంలో నడిస్తే లంగ్, ఊపిరితిత్తి. దీని కోసం ఒక్కదాని కోసమైనా వెళ్ళండి. పెద్ద గుండ్రటి హాలు, పైన నల్లటి రబ్బరు పొర, దాని మధ్యలో భారీ అల్యూమినియం పళ్ళెం, మొత్తం మన తలమీద గాల్లో నిలబడి ఉంటుంది. సంగతేంటంటే సీల్ చేసిన అద్దాల ఇంట్లో పగలు ఎండకి గాలి వేడెక్కి ఉబ్బుతుంది, దానికి పోవడానికి చోటు లేకపోతే అద్దాలు పగిలిపోతాయి, రాత్రి చల్లబడి కుంచించుకుంటే లోపలికి పీక్కుంటాయి. అందుకని ఇలాంటివి రెండు కట్టారు, పగలు గాలి ఇందులోకొచ్చి ఆ పళ్ళెం పైకి లేస్తుంది, రాత్రి దిగుతుంది, రోజుకో పెద్ద ఊపిరి. నాన్న "కొలిమి తిత్తి" అన్నారు, అంతకన్నా మంచి పేరు నాకు దొరకలేదు. అక్కడ మాట్లాడితే గొంతు గుండ్రంగా తిరిగి మనకే వినిపిస్తుంది, మావాడు "తాతయ్యా" అని పిలిచాడు, ఆ పిలుపు చుట్టూ తిరిగి వచ్చింది, వాడు రెండోసారి పిలవకుండా నిశ్శబ్దంగా తాతయ్య చెయ్యి పట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డాడు. ఇప్పుడు భవనం సీల్‌లో లేదు, అయినా ఆ పొరని నిలబెట్టడానికి లోపల గాలిని కొంచెం ఒత్తిడి మీద ఉంచుతారు, బయటికి తలుపు తీయగానే ఈదురుగాలి వెనక నుంచి తోసినట్టు తోస్తుంది. ఊపిరి అనేది బరువున్న వస్తువని ఒంటికి తెలుస్తుంది.

మనుషుల సంగతి కూడా చెప్పాలి. ఎనిమిది మందీ స్నేహితులుగా వెళ్ళి ఏడాది తిరక్కముందే నలుగురు నలుగురుగా విడిపోయారు, పని వరకే మాటలు, కళ్ళు కలపకుండా తిరిగేవాళ్ళు. కానీ ఎవరూ మధ్యలో వదిలి వెళ్ళలేదు, ఎవరి వంతు వంట వాళ్ళు వండారు, ఎవరి వంతు పొలం వాళ్ళు చేశారు, రెండేళ్ళూ ఉన్నారు. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్ళకి ఇది కొత్తగా ఏం అనిపించదు, తోడికోడళ్ళు మాట్లాడుకోకుండానే పదిమందికి వండి వడ్డించిన ఇళ్ళు నాకు తెలుసు. 1994లో రెండో బృందం వెళ్ళింది, అది ఆర్నెల్లకే ఆగిపోయింది, లోపలివాళ్ళ వల్ల కాదు, బయట యాజమాన్యంలో గొడవల వల్ల, ఏప్రిల్‌లో మొదటి బృందంలోని ఇద్దరు వచ్చి బయటి నుంచి తలుపులు తెరిచేశారు. అంతరిక్షంలో ఊరుకి కూడా ముప్పు లోపలి నుంచే రానక్కర్లేదు, కింద డబ్బు పెట్టేవాళ్ళు కొట్టుకున్నా చాలు.

చాలామంది దీన్ని ఫెయిల్ అయిన ప్రాజెక్ట్ అంటారు, నేను ఒప్పుకోను. ఫెయిల్ అయితే ఇన్ని తెలిసేవి కావు. స్పేస్ స్టేషన్‌లో 2000 నవంబర్ 2 నుంచి మనుషులు ఒక్కరోజు కూడా ఖాళీ లేకుండా ఉంటున్నారు, అది చూసి అంతరిక్షంలో బతకడం వచ్చేసిందని మనం అనుకుంటాం. అక్కడ మూత్రం, చెమట, ఊపిరి చెమ్మ అన్నీ కలిపి 98 శాతం నీటిని తిరిగి తాగే నీరు చేస్తున్నారు, 2023లో సాధించారు అది, నిజంగా గొప్ప విషయం. కానీ తిండి? మొత్తం కింద నుంచే. లెట్యూస్ ఆకులు, మిరపకాయలు పండించి తిన్నారు, మన శుభాంశు శుక్లా 2025లో వెళ్ళినప్పుడు మెంతులు, పెసలు మొలకెత్తించాడు, నాన్న ఆ వార్త పేపర్లో కత్తిరించి దాచుకున్నారు, కానీ అది మొలక, పంట కాదు. మొలకకీ పంటకీ మధ్య ఎంత దూరముందో రైతుకి తెలుసు.

ఒళ్ళు ఇంకో సమస్య. బరువు తెలీని చోట ఎముక నెలకి ఒకటి నుంచి ఒకటిన్నర శాతం తరుగుతుంది, అందుకే రోజూ రెండు గంటల పైన ఎక్సర్‌సైజ్ చేస్తారు. ఒకే విడతలో ఎక్కువ కాలం ఉన్నది రష్యా డాక్టర్ వాలెరీ పోల్యకోవ్, 437 రోజులు, 1994-95లో, ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. నాసా వ్యోమగామి ఫ్రాంక్ రుబియో ఆర్నెల్లకని వెళ్ళి తిరిగి రావాల్సిన సోయుజ్ నౌకలో కూలెంట్ కారిపోవడంతో 371 రోజులు ఉండిపోయాడు. రేడియేషన్ సరేసరి, క్యూరియాసిటీ రోవర్ మార్స్‌కి వెళ్తూ దారిలో కొలిచిన లెక్క ప్రకారం రానూపోనూ ప్రయాణానికే సుమారు 660 మిల్లీసీవర్ట్‌లు, నాసా ఒక మనిషికి ఉద్యోగ జీవితం మొత్తానికి పెట్టుకున్న పరిమితి 600. మార్స్ మీద బరువు మన బరువులో 38 శాతం, ఆ బరువులో ఇప్పటిదాకా ఒక్కరూ ఒక్కరోజు కూడా బతకలేదు. చంద్రుడి మీద మనిషి ఎక్కువగా ఉన్నది 1972 డిసెంబర్లో అపోలో 17, మూడు రోజుల పైచిలుకు, అంతే. అలాంటి చోట ఆడపిల్ల కడుపుతో ఉంటే ఏంటి, పుట్టిన బిడ్డ ఎముక ఎలా కడుతుంది, దీని గురించి మాట్లాడకుండా ఊళ్ళు కడతామంటే నాకు కోపమొస్తుంది, ఒక బిడ్డని కన్నదాన్ని కాబట్టి.

మరి కుదరదా అని మావాడు తిరుగు ప్రయాణంలో అడిగాడు, మొహం చిన్నబుచ్చుకుని. వాడికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నా. అంటార్కిటికాలో ఉన్నట్టు, సామాను బయటి నుంచి పంపిస్తూ కొద్దిమంది వంతులవారీగా చంద్రుడి మీద ఉండటం నీ కాలంలోనే జరుగుతుంది, మార్స్ మీద కూడా మనుషులు దిగుతారు. కానీ కింద నుంచి ఏమీ రాకపోయినా తరతరాలు బతికే ఊరు అంటే అది రాకెట్‌తో అయ్యే పని కాదు, మన్నుతో అయ్యే పని, మన్ను తయారవ్వడానికి టైమ్ పడుతుంది. సోవియట్ వాళ్ళు క్రాస్నోయార్స్క్‌లో బయోస్-3 అని భూమి కింద గదుల్లో 1972-73లో ముగ్గురిని ఆర్నెల్లు ఉంచారు, చైనా వాళ్ళు బీజింగ్‌లో లూనార్ ప్యాలెస్‌లో 2017-18లో విద్యార్థుల్ని వంతులేసి 370 రోజులు ఉంచారు, నాసా హ్యూస్టన్‌లో నలుగురిని 378 రోజులు మార్స్ ఇంటి నమూనాలో ఉంచి 2024 జులైలో బయటికి తెచ్చింది. ఇక్కడ బయోస్ఫియర్‌లోనే పాత టెస్ట్ గదిని బాగుచేసి శామ్ అని చిన్న మార్స్ నివాసం కట్టారు, 2023 నుంచి చిన్న చిన్న బృందాలు అందులో ఉండి వస్తున్నాయి. ఒక్కొక్కటీ కొంచెం. నాకు దీని మీద ప్రేమ ఎందుకంటే వీళ్ళు గొప్పలు చెప్పుకోవడం కాకుండా తలుపేసుకుని కూర్చుని ఆకలేస్తోంది, ఊపిరాడట్లేదు అని నిజం చెప్పినవాళ్ళు. "ఎన్నేళ్ళు పడుతుంది తాతయ్యా మన్ను అవ్వడానికి?" అని అడిగాడు వాడు. "మన లంక పొలం మన్ను కృష్ణమ్మ వేల ఏళ్ళు మోసుకొచ్చి పోసింది నాన్నా" అన్నారు. వాడు వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ నిద్రపోయాడు.

వెళ్ళేవాళ్ళకి కొన్ని మాటలు. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి, లోపల ఎవరి నడక వాళ్ళదే, ఫోన్ యాప్‌లో వింటూ వెళ్ళాలి, ఇయర్‌ఫోన్స్ పట్టుకెళ్ళండి, ఇంటి దగ్గరే యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటే హాయి. మెట్లు చాలా ఉన్నాయి, ఎక్కడం దిగడం, నాన్నకి మోకాళ్ళు నొప్పి కాబట్టి మేం ఆగి ఆగి మూడు గంటలు తీసుకున్నాం, పెద్దవాళ్ళతో అయితే నడక మార్గం గురించి టికెట్ దగ్గరే అడిగి వెళ్ళండి. నవంబర్ నుంచి మార్చి మంచి కాలం, ఎండాకాలం అరిజోనా ఎండ గురించి మీకు చెప్పక్కర్లేదు. పిల్లలు ఏడెనిమిదేళ్ళు దాటినవాళ్ళయితే అర్థం చేసుకుంటారు, అంతకన్నా చిన్నవాళ్ళకి సముద్రం, లంగ్ తప్ప మిగతాది విసుగు. వెళ్ళేముందు ఇంట్లో ఆ ఎనిమిది మంది కథ పిల్లలకి చెప్పి తీసుకెళ్ళండి, లేకపోతే అది ఒక పెద్ద గ్రీన్‌హౌస్‌లా కనిపించి ఊరుకుంటుంది. మంచినీళ్ళ సీసా, పలచటి బట్టలు, జారని చెప్పులు. లంగ్ నుంచి బయటికి తలుపు తీసేటప్పుడు టోపీ, చున్నీ గట్టిగా పట్టుకోండి, నాన్న కండువా పోయి మెట్ల కింద పొదలో పడితే మావాడు పరిగెత్తుకెళ్ళి తెచ్చాడు.